మూడు వేసవులు తొక్కాక: కర్నూలులో ఎలక్ట్రిక్ సైకిల్

ఎలక్ట్రిక్ సైకిల్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, "ఎంత స్పీడ్ పోతుందన్నా?" అని. స్పీడే ముఖ్యమైతే స్కూటర్ కొనుక్కోమంటాను. నాకు తెలిసినవాళ్లలో పెట్రోలు ఖర్చు తగ్గించుకుందామని కొన్నవాళ్లు ఏడాది తిరగకముందే అమ్మేశారు. తొక్కడం ఇష్టపడి కొన్నవాళ్లు ఇంకా తొక్కుతున్నారు. నేను రెండో రకం. కొన్నాక ఆ రకం అయ్యాననడం ఇంకా సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే అంతకుముందు సైకిల్ ఎక్కింది కాలేజీ రోజుల్లోనే.

నాది మామూలు రకం. వెనక చక్రంలో 250 వాట్ల మోటారు, 36 వోల్టుల 7.8 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, ఏడు గేర్లు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు. ముప్పై వేలు దాటింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో వచ్చేవాటికి స్టిక్కర్లు పీకేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం, కాబట్టి పేరు వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. బరువు మాత్రం ఇరవై కిలోల పైనే. పై అంతస్తులో ఉండేవాళ్లు రోజూ దీన్ని మెట్లెక్కించాలనుకుంటే ఆ ఆలోచన మానుకోవడం మంచిది. కింద పార్కింగ్‌లో గట్టి తాళం వేసి, బ్యాటరీ ఒక్కటి ఊడదీసి పైకి తీసుకెళ్తే చాలు.

లైసెన్స్ సంగతి అందరికీ అనుమానమే. మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు మించకపోతే చట్టం దాన్ని మోటారు వాహనంగా చూడదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. రాజ్‌విహార్ దగ్గర ఒకసారి కానిస్టేబుల్ ఆపి నంబర్ ప్లేటు ఏదని అడిగాడు. పెడళ్లు చూపిస్తే నవ్వి, ఎంతకు కొన్నావని అడిగి పంపించేశాడు. కొన్ని షాపుల్లో వేగం 25 దాటనివ్వని స్పీడ్ లాక్ తీసేస్తామంటారు. తీయించుకుంటే ఈ మినహాయింపు పోతుంది, బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది. పైగా ఆ బ్రేకులు అంత వేగానికి చేసినవి కావు.

ఇక నడిపే తీరు. హ్యాండిల్ మీద ఎక్సలేటర్ ఉంటుంది, తిప్పితే తొక్కకుండానే పోతుంది. నేను దాన్ని సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు తప్ప వాడను. అసలు మజా పెడల్ అసిస్ట్‌లో ఉంది. పెడల్ ఇరుసు దగ్గర చిన్న చిన్న అయస్కాంతాలున్న చక్రం, దాని పక్కన ఒక సెన్సార్ ఉంటాయి. పెడల్ తిరుగుతోందని తెలియగానే మోటారు అందుకుంటుంది. మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు, తిరుగుతోందా లేదా అన్నదే లెక్క. అందుకే అర చుట్టు ఆలస్యంగా మొదలవుతుంది, తొక్కడం ఆపాక కూడా ఒక్క క్షణం తోస్తుంది. ఖాళీ రోడ్డు మీద ఇది పట్టదు. కొండారెడ్డి బురుజు చుట్టూ సాయంత్రం పూట ఆటోల మధ్య మాత్రం అసిస్ట్ ఆపేసి మామూలు సైకిల్‌లా తొక్కడమే క్షేమం. బ్రేకు లీవర్ పట్టుకుంటే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. కొనేముందు షాపులోనే వెనక చక్రం పైకెత్తించి ఆ కట్-ఆఫ్ పనిచేస్తోందో లేదో చూడండి.

పొద్దున్నే లేచి ఊరి బయటకు పోవడం నాకు జగన్నాథగట్టుతో అలవాటైంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా రూపాల సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్లీ కట్టింది ఈ గట్టు మీదే. బండిలో చాలాసార్లు పోయాను కానీ ఎక్కడం ఎంత ఉందో సైకిల్ మీదే తెలిసింది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చక్రంలో ఉండే మోటారుకు మన గేర్లతో సంబంధం లేదు. గేర్లు మన కాళ్లకే. వేగం బాగా పడిపోతే మోటారు కరెంటు తాగి వేడెక్కుతుంది తప్ప పెద్దగా లాగదు. కాబట్టి ఎక్కుడు రాకముందే చిన్న గేరు వేసి, కాళ్లు చకచకా ఆడిస్తూ, చక్రం వేగం తగ్గకుండా చూసుకోవాలి. అప్పుడు ఎనభై కిలోల మనిషి కూడా దిగకుండా పైకి చేరతాడు. చెమట పడుతుంది. పట్టదని ఎవరైనా చెబితే వాళ్లు ఎక్సలేటర్ తిప్పుకుంటూ పోయినవాళ్లే.

అయితే మోటారు విలువ తెలిసేది ఎక్కేటప్పుడు కంటే ఇంటికి తిరిగొచ్చేటప్పుడే. అలంపురం చూడండి. తుంగభద్ర వంతెన దాటి, హైవే మీద అలంపూర్ చౌరస్తా దాకా పోయి, తూర్పుకు తిరగాలి. మొత్తం పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల దగ్గర పొద్దుటి ఎండలో కాసేపు కూర్చుని, జోగులాంబ దర్శనం చేసుకుని, టీ తాగి బయల్దేరాలి. పోవడం ఎవరైనా పోతారు. చల్లటి పూట, కాళ్లలో సత్తువ, వీపు వెనక గాలి. తిరిగేటప్పుడు ఆషాఢంలో పడమటి గాలి ఎదురొస్తుంది చూడండి, చౌరస్తా దాకా ఎవరో ఎదురుగా చేతులడ్డం పెట్టి వెనక్కి తోస్తున్నట్టే ఉంటుంది. ఎండాకాలమైతే తొమ్మిదికే తారు రోడ్డు వేడి ముఖానికి కొడుతుంది. మామూలు సైకిల్ మీద ఈ తిరుగు ప్రయాణం భయంతోనే చాలామంది ఊరు దాటరు. నేను పోయేటప్పుడు మోటారు ఆపేసి పోతాను, బ్యాటరీ అంతా వచ్చేటప్పటికి దాచుకుంటాను. ఆ ధీమా ఉండబట్టే ఎంత దూరమైనా బయల్దేరబుద్ధి అవుతుంది. పొద్దున టిఫిన్ వేళకు పక్క రాష్ట్రం పోయి వచ్చానంటే ఆఫీసులో ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. హైవే మీద లారీలుంటాయి, వెనక ఎర్ర లైటు వెలిగించుకోకుండా చీకట్లో మాత్రం బయల్దేరకండి.

ఒక్క చార్జికి ఇంత పోతుందని కంపెనీ చెప్పే దూరం గురించి ఒక్క మాట. బ్యాటరీ వోల్టులు 36ను ఆంపియర్ అవర్లు 7.8తో గుణిస్తే 280 వాట్-అవర్లు, నిండు బ్యాటరీలో పట్టేది అంతే. చార్జర్‌లో పోయేది కలిపినా యూనిట్‌లో మూడో వంతు కరెంటు. డబ్బాల మీద రాసే దూరం తక్కువ బరువున్న మనిషికి, చదును రోడ్డుకు, గాలి లేని రోజుకు వర్తిస్తుంది. నా బరువుకు, మన రోడ్లకు అసిస్ట్‌తో పాతిక నుంచి ముప్పై మధ్య వచ్చేది, ఎక్సలేటర్ ఒక్కటే తిప్పితే ఇరవై కూడా కష్టం. టైర్లలో గాలి తగ్గితే ఇంకా పడిపోతుంది. వారానికొకసారి గాలి కొట్టించడం అన్నిటికన్నా చవకైన చిట్కా.

గాలి అంటే పంచర్లు గుర్తొస్తాయి. కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద పొద్దున్నే తొక్కడం ఎంత హాయో, ఆ గట్టు పొడుగునా సర్కారు తుమ్మ ముళ్లు అంత గోల. వాటికి తోడు పల్లేరు కాయలు. ముందు చక్రమైతే ఏ షాపులోనైనా నిమిషాల్లో అయిపోతుంది. వెనక చక్రం దగ్గరకొచ్చేసరికి మోటారు వైరు చూసి పంచర్ల వాళ్లు చేతులెత్తేస్తారు. "షాక్ కొడుతుందేమో సార్, మీరే ఊడదీసి తెండి" అన్నాడు కల్లూరులో ఒకతను. ఆయనకు బ్యాటరీ తీసి చేతికిచ్చి, చక్రం విప్పకుండానే టైరు ఒక పక్క ఎత్తి ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేయొచ్చని చూపించాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ సైకిళ్లన్నీ ఆయన దగ్గరికే పోతున్నాయి. ట్యూబే మార్చాలంటే మాత్రం వైరు జాయింటు విప్పి, పెద్ద స్పానరుతో నట్లు తీయాలి. ఆ స్పానరు ఒకటి కొని సీటు కింద సంచిలో పెట్టుకోండి.

మన ఎండలకు బ్యాటరీని ఎలా కాపాడుకోవాలన్నది షాపులో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఎండలో తొక్కొచ్చి వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. ఊడదీసి నీడలో చల్లారనిచ్చి, రాత్రి పెట్టుకోవాలి. ఎండలో నిలిపిన సైకిల్‌కు బ్యాటరీ వదిలేసి సినిమాకు పోవడం అస్సలు పనికిరాదు. వారం పది రోజులు ఊరికి పోతుంటే నిండుగా కాకుండా సగం చార్జితో పెట్టి పోవాలి. లిథియం బ్యాటరీకి వేడి, నిండు చార్జి రెండూ కలిస్తే తొందరగా ముసలిదవుతుంది. ఇవన్నీ పాటించినా మూడో వేసవికి దూరం కొంత తగ్గింది. అలంపురం ఇప్పటికీ పోతున్నాను, చార్జర్ సంచిలో వేసుకుని. టీ హోటల్ ఆయన ప్లగ్గు ఇస్తాడు, బదులుగా రెండు టీలు ఎక్కువ తాగుతాను.

అసంతృప్తులు లేకపోలేదు. బండి బరువుకు డిస్క్ బ్రేకు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. వెనక చక్రం స్పోకులు మొదటి నెలల్లో వదులయ్యాయి, బిగించాక మళ్లీ ఇబ్బంది లేదు. క్యారియర్ ఉండదు, సి క్యాంపు రైతు బజారు నుంచి కూరగాయలు తేవాలంటే విడిగా కొని బిగించుకోవాలి. మడ్‌గార్డులు పేరుకే. వర్షంలో తడిస్తే ఏమీ కాదు కానీ వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు కొట్టించకండి, నీళ్లు మోటారు, కనెక్టర్లలోకి దూరతాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలు. డిస్‌ప్లే పాడైతే, నేను కొన్నచోట, స్పేర్ కోసం నెలకు పైగా తిప్పించుకున్నారు. ఆ నెలంతా మోటారు లేకుండా తొక్కాను, మరీ అంత కష్టమేమీ అనిపించలేదు.

ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు మోకాళ్ల నొప్పులతో భయపడుతూనే నా సైకిల్ ఒక రోజు తీసుకున్నారు. ఇప్పుడు ఆయనకూ ఒకటుంది. కొనేటప్పుడు ఆయనతో షాపుకు పోయి అడిగిన ప్రశ్న ఒకటే, ఇదే బ్యాటరీ విడిగా ఎంతకిస్తారు, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని. రెండు షాపుల్లో "అది తర్వాత చూద్దాం సార్" అన్నారు. మూడో షాపతను రేటు కాగితం మీద రాసి, షాపు స్టాంపు వేసి ఇచ్చాడు. అక్కడే కొన్నాం.