కావ్యంలోని త్యాగం, ఇంట్లోని త్యాగం

కర్ణుడు కవచకుండలాలను ఒలిచి ఇంద్రుడికి ఇచ్చాడు; రంతిదేవుడు 48 రోజుల పస్తు తర్వాత చేతికందిన నీళ్లను సైతం దప్పికగొన్నవాడికి ధారపోశాడు. ఇలాంటి త్యాగానికి మూల్యం అపారమే అయినా అది ఒక్కసారితో తీరుతుంది, లోకం దాన్ని తరతరాలు చెప్పుకుంటుంది.

నిత్యజీవితంలోని త్యాగం ఏళ్ల తరబడి సాగుతుంది. మంచాన పడిన తల్లిని రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి నిద్ర మానుకునే కూతురికి సాక్షులుండరు, కర్ణుడికి బదులుగా దక్కిన శక్తి ఆయుధం వంటిదేదీ దక్కదు. శ్రమ ఇందులోనే ఎక్కువని నా నమ్మకం.

మొదటిదానిలో ప్రాణానికే ముప్పు; రెండోదానిలో చేసేవారి అలసట ఎవరి కంటా పడక, ఆ భారం వారి ఒక్కరి బాధ్యతగానే స్థిరపడిపోతుంది.

ఆపద హఠాత్తుగా మీదపడి ఆలోచనకు వ్యవధి లేనప్పుడు మొదటి తరహా తెగువే కావాలి. సేవ ఏళ్లపాటు సాగవలసినచోట రెండోదే తగినది, అయితే దాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.