రొమేనియా షెల్టర్ కుక్కతో మూడేళ్లు: బెర్లిన్ నుంచి నా రివ్యూ

విదేశీ షెల్టర్ నుంచి కుక్కను దత్తత తీసుకోవచ్చా అని జర్మనీలో ఉన్న మనవాళ్లు తరచూ అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మేం బెర్లిన్‌లో ఉంటాం, మా కుక్క చిట్టి రొమేనియా నుంచి వచ్చి మూడేళ్లు దాటింది. అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది: కుక్క స్వభావం గురించి షెల్టర్ వాళ్లు రాసే రెండు మూడు వాక్యాలు చూసి నిర్ణయం తీసుకోకండి. చిట్టి ప్రొఫైల్‌లో "చాలా శాంతం, అందరితో కలిసిపోతుంది" అని ఉంది. వీడియోలో చుట్టూ కుక్కలన్నీ మొరుగుతుంటే అది మాత్రం ఒక మూల కదలకుండా కూర్చుంది, వాలంటీర్ తల నిమిరితే ఊరుకుంది. కానీ జాగ్రత్తగా చూస్తే ఒళ్లు బిగుసుకుని ఉంది, తోక కాళ్ల మధ్య ఇరుక్కుంది, ఊరికే పెదాలు నాక్కుంటోంది. అది శాంతం కాదండీ, భయంతో కొయ్యబారిపోవడం.

రొమేనియాలో ఇన్ని వీధి కుక్కలు ఎందుకున్నాయంటే, 1980లలో అక్కడి నియంత చౌషెస్కూ ప్రభుత్వం బుకారెస్ట్‌లో పాత ఇళ్లు కూల్చి జనాన్ని అపార్ట్‌మెంట్లలోకి తరలించినప్పుడు చాలామంది తమ కుక్కల్ని బయట వదిలేయాల్సి వచ్చింది, వాటి సంతానం పెరుగుతూ పోయింది. 2013 సెప్టెంబర్‌లో అక్కడ నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ నెలలోనే చట్టం మార్చారు, షెల్టర్‌కు పట్టుకెళ్లిన కుక్క కోసం 14 పనిదినాల్లో ఎవరూ రాకపోతే చంపడానికి అనుమతి ఉంది. అందుకే అక్కడి సంస్థలు ఇంతగా జర్మనీకి, బ్రిటన్‌కు కుక్కల్ని పంపుతున్నాయి.

ఇక పద్ధతి. ఫారం నింపాం, దత్తత ఇప్పించే సంస్థవాళ్లు ఫోన్‌లో గంటకు పైగా మాట్లాడారు, తర్వాత ఒకావిడ ఇంటికొచ్చి బాల్కనీ, తలుపులు అన్నీ చూసి వెళ్లింది. ఇంటి ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకున్న కాగితం అడిగారు. అద్దె ఒప్పందంలో కుక్కలు అసలే వద్దని టోకున రాస్తే చెల్లదని ఇక్కడి ఫెడరల్ కోర్టు 2013లోనే తీర్పిచ్చింది, అయినా ఓనర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది. దత్తత రుసుము నాలుగొందల యూరోల పైచిలుకు అయింది. మీరు తప్పకుండా అడగాల్సింది ఏంటంటే, ఆ సంస్థకు జర్మనీ జంతు సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అనుమతి ఉందా, కుక్క ప్రయాణం జంతువుల రవాణా వివరాలు ఉంచే ట్రేసెస్ అనే యూరప్ వ్యవస్థలో నమోదవుతుందా అని. కుక్కకు చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, ఈయూ పాస్‌పోర్ట్, రేబిస్ టీకా ఉండాలి. టీకా 12 వారాల వయసు దాటాకే వేస్తారు, ఆ తర్వాత 21 రోజులు ఆగాలి, కాబట్టి పదివారాల కుక్కపిల్లను పంపుతామని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి.

మొదటి వారాలు చాలా కష్టం. చిట్టి అంతకు ముందు మెట్లు చూడలేదు, గాజు తలుపు చూడలేదు. అన్నిటికంటే మా వంటిల్లే దానికి పెద్ద టెన్షన్. కుక్కర్ మొదటి విజిల్ వేయగానే బాత్రూంలోకి దూరి కమోడ్ వెనకాల ముడుచుకుపోయింది, పోపులో ఆవాలు చిటపటలాడినా అంతే. అందుకని కొన్నాళ్లు పప్పు మామూలు గిన్నెలోనే ఉడికించాం. తర్వాత కుక్కర్ పెట్టిన ప్రతిసారీ దూరం గదిలో తలుపేసి దానికి ఉడికించిన చికెన్ ముక్కలు పెడుతూ వచ్చాం. ఇప్పుడు విజిల్ వినపడితే వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి కూర్చుంటుంది.

బయట నడిపించడానికి మాత్రం మామూలు పట్టీ చాలదు. పొట్ట కింద మూడో పట్టీ ఉండే సేఫ్టీ హార్నెస్, దాంతోపాటు మెడపట్టీ, రెండిటికీ వేర్వేరు తాళ్లు ఉండాలి. ఒకరోజు పొద్దున్నే చెత్త లారీ మూత దభాల్న పడింది, చిట్టి ఒక్కసారిగా వెనక్కి గుంజుకుంది, మెడపట్టీ చెవుల మీదుగా జారి ఊడి నా చేతిలోకి వచ్చేసింది. ఆ మూడో పట్టీయే దాన్ని ఆపింది, లేకపోతే నేరుగా ట్రామ్ పట్టాల మీదకే. డిసెంబర్ 31 బాణసంచా రాత్రి గురించైతే చెప్పనే అక్కర్లేదు, మన దీపావళి కంటే ఘోరం, ఆ రాత్రికి నాలుగు రోజుల ముందు నుంచే తాడు వదలం.

ఆరోగ్యం విషయంలో ఆ సంస్థ మీద నాకు కోపం ఉంది. రక్తపరీక్ష నెగెటివ్ అన్న కాగితం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆర్నెల్లయ్యాక మళ్లీ చేయిస్తే హార్ట్‌వర్మ్, అంటే గుండెలో చేరే పురుగు, పాజిటివ్. దోమ కుట్టి ఈ పురుగు ఒంట్లోకి చేరాక పరీక్షలో తేలడానికి దాదాపు ఆర్నెల్లు పడుతుంది, ఈ సంగతి వాళ్లకు తెలియనిదేం కాదు, మాకు ఒక్క ముక్క చెప్పలేదు. వైద్యం నెలల తరబడి సాగింది, ఆ రోజులన్నీ దాన్ని పరుగెత్తనివ్వకూడదు. దత్తత రుసుముకు ఎన్నో రెట్లు ఖర్చయింది. అదే స్పెయిన్, గ్రీస్ కుక్కలైతే లీష్మేనియా అనే పరాన్నజీవి జబ్బు కూడా చూడాలి, అది బయటపడటానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రెండో పరీక్ష డబ్బులు మొదటి రోజే పక్కన పెట్టుకోండి. వీటికి తోడు బెర్లిన్‌లో కుక్క పన్ను ఏడాదికి 120 యూరోలు, కుక్క వల్ల ఇతరులకు నష్టం జరిగితే భరించే లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ఇప్పుడు చిట్టి ఎలా ఉందంటే, మా మనిషైపోయింది. కొత్త మగవాళ్లంటే ఇంకా భయం, అది పోతుందన్న ఆశ నాకు లేదు, పోకపోయినా ఫర్వాలేదు. వేసవికి అమ్మ వచ్చినప్పుడు "ఒసేయ్ చిట్టీ, రావే" అంటూ పెరుగన్నం కలిపి పెట్టేది, పప్పుచారు మాత్రం వద్దని బతిమాలాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని పాడుచేస్తాయి.

మొదటిసారి కుక్కను పెంచేవాళ్లయితే వీడియో చూసి నేరుగా రప్పించుకోవద్దని నా సలహా. అప్పటికే జర్మనీకి వచ్చి ఎవరింట్లోనో ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా, ఉంటున్న కుక్కను వెళ్లి చూడండి, ఒకటికి రెండుసార్లు నడిపించండి, ఇంట్లో చప్పుళ్లకు ఎలా ఉంటుందో వాళ్లనే అడగండి. ఇద్దరూ రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు ఇంకా ఆలోచించుకోవాలి.

ఇండియాలో తాము చూసుకుంటున్న వీధి కుక్కను తెచ్చుకోవాలని కొందరు అడిగారు. తేవచ్చు. చిప్ వేయించి, రేబిస్ టీకా వేయించి, కనీసం 30 రోజులయ్యాక తీసిన రక్తాన్ని ఈయూ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. అందులో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లైనా రావాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే టికెట్ తేదీకి కనీసం నాలుగైదు నెలల ముందే పని మొదలుపెట్టాలి.