ఓఆర్‌బీ కోర్సు, ఆల్గో కొనేవాళ్లకు జాగ్రత్త: గ్రాఫులో కనిపించే లాభం కాంట్రాక్ట్ నోట్‌లో కనిపించదు

ఓపెనింగ్ రేంజ్ బ్రేకౌట్ (ఓఆర్‌బీ) కోర్సుకో, దాని ప్రకారం తనంతట తానే ఆర్డర్లు పెట్టే ఆల్గోకో డబ్బు కట్టబోతుంటే ఒక్కరోజు ఆగండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘రీసెర్చ్‌లో నిరూపించిన ఓఆర్‌బీ’ అంటూ అమ్ముతున్నదాంట్లో దాచిన రహస్యం ఏమీ లేదు. 9:15కి మార్కెట్ తెరిచాక మొదటి 5 లేదా 15 నిమిషాల హై, లో గీసుకోవడం, హై దాటితే కొనడం, లో తెగితే అమ్మడం, సాయంత్రం బ్రోకరే ట్రేడ్ మూసేసే స్క్వేర్ ఆఫ్ టైముకు ముందే బయటపడటం. 1990లో టోబీ క్రాబెల్ అచ్చువేయించినప్పటి నుంచి ఊరందరికీ తెలిసిన పద్ధతే ఇది. మీ చేత ఫీజు కట్టించేది దానికి అంటించిన బ్యాక్‌టెస్ట్ గ్రాఫు, అంటే పాత ధరల మీద నడిపి చూపించిన లాభం.

అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది 2024లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన పత్రం. అది 2016 నుంచి 2023 వరకు అక్కడి సుమారు 7,000 షేర్ల మీద చేసిన పరీక్ష. మొదటి 5 నిమిషాల్లో మామూలు కంటే ఎన్నో రెట్లు వాల్యూమ్ వచ్చిన 20 షేర్లనే రోజూ ఎంచుకోవడం, 14 రోజుల ఏటీఆర్‌లో (షేరు రోజుకు సగటున కదిలే దూరంలో) పదో వంతు దూరంలో స్టాప్‌లాస్ (నష్టం ఆపే ఆర్డరు) పెట్టడం దాని గుండెకాయ. కమిషన్ షేరుకు 0.35 సెంటుగా లెక్కేశారు. ఆ షేర్ల వడపోత తీసేసి, అమెరికా ఫలితం స్క్రీన్‌షాట్ మాత్రం ఉంచి, కింద బ్యాంక్ నిఫ్టీ చార్టు పెడితే అది వేరే సరుకు.

వడపోతతో సహా తెచ్చినా మన ఖర్చుల దగ్గర ఏమవుతుందో చూడండి. వెయ్యి రూపాయల షేరు, 100 షేర్లు, అంటే లక్ష రూపాయల ఇంట్రాడే ట్రేడ్. ఆర్డరుకు 20 తీసుకునే డిస్కౌంట్ బ్రోకరైతే రెండు వైపులా 40. అమ్మకం మీద ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) 0.025 శాతం, అంటే 25. కొనుగోలు మీద స్టాంప్ డ్యూటీ 3. ఎక్స్ఛేంజ్ చార్జీ, సెబీ ఫీజు కలిపి 6 దాకా. బ్రోకరేజీ, ఈ చార్జీల మీద 18 శాతం జీఎస్‌టీ 8. మొత్తం 82 రూపాయలు.

ఆ షేరు ఏటీఆర్ 20 రూపాయలైతే పదో వంతు స్టాప్ అంటే 2 రూపాయలు. వంద షేర్ల మీద రిస్క్ 200. ఖర్చులే అందులో 41 శాతం తినేశాయి. బ్రేకౌట్ దగ్గర అందరి ఆర్డర్లూ ఒకే ధర మీద పడతాయి కాబట్టి ఎంట్రీలో అర్ధ రూపాయి, స్టాప్ తగిలినప్పుడు ఇంకో అర్ధ రూపాయి జారుతుందనుకోండి. నష్టం 200 కాదు, 382. రెండింతల టార్గెట్ తగిలితే, అక్కడ లిమిట్ ఆర్డర్ కాబట్టి జారదనుకున్నా, చేతికొచ్చేది 400 కాదు, 268. కాగితం మీద మూడు ట్రేడ్లలో ఒకటి గెలిస్తే సరిపోయే పద్ధతికి ఇప్పుడు 59 శాతం గెలుపు కావాలి. ఐదు లక్షల ట్రేడ్ చేస్తే బ్రోకరేజీ అంతే ఉంటుంది కాబట్టి ఖర్చు రిస్క్‌లో 22 శాతానికి దిగుతుంది, కానీ జారుడు తగ్గదు, పైగా పెరగొచ్చు.

దీనికి విరుగుడు స్టాప్ వెడల్పు చేయడమే. అప్పుడు ఖర్చు భారం తగ్గుతుంది, మొదటి రేంజే రోజు కదలికలో సగాన్ని ముందే తినేసిన రోజుల్లో మాత్రం టార్గెట్‌కు చోటుండదు. ఓఆర్‌బీ చచ్చిపోయిందని అనను. ఫలితాలో పెద్ద వార్తో ఉండి, వాల్యూమ్ విరగబడిన షేరులో మొదటి కదలిక సాగే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. రోజూ, ప్రతి షేరులో, ఇండెక్స్‌లో ఆడమని చెప్పేవాళ్ల దగ్గరే పేచీ.

బ్యాక్‌టెస్ట్ చూపిస్తే ముందు అడగాల్సింది, షేర్లను ఏ సమాచారంతో ఎంచారని. రోజు మొత్తం వాల్యూమ్ చూసి ఎంచితే సాయంత్రం పేపరు చదివి పొద్దున పందెం కాసినట్టే. 9:20కి తెలిసినది మాత్రమే వాడాలి. 5 నిమిషాల క్యాండిల్ ఒకటే హైనీ దాటి స్టాప్‌నూ తాకితే ఏది ముందు జరిగిందని లెక్కేశారో కూడా అడగండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది సెట్టింగు మాత్రమే. ఒక్క నిమిషం డేటాతో మళ్లీ నడిపితే ఎన్నో ‘గెలుపులు’ నష్టాలుగా తేలతాయి. 2021 సెప్టెంబర్‌కు ముందు 10, 20 రెట్ల లెవరేజీతో (చేతిలో ఉన్నదానికి అన్ని రెట్లు ట్రేడ్ చేసి) గీసిన లాభాలు కూడా వదిలేయండి. ట్రేడ్‌కు ముందే తగినంత సొమ్ము ఉండాలనే పీక్ మార్జిన్ నిబంధనలు పూర్తిగా అమలయ్యాక షేర్లలో ఇంట్రాడేకు 5 రెట్లకు మించి దొరకదు.

ఆప్షన్ల వెర్షన్ ఇంకా గందరగోళం. రేంజ్ స్పాట్ (ఇండెక్స్ లేదా షేరు అసలు ధర) చార్టులో గీస్తారు, కొనేది కాల్ ఆప్షన్. 9:15 తర్వాత ప్రీమియంలో (ఆప్షన్ ధరలో) ఉబ్బిన ఐవీ, అంటే రాబోయే ఊగిసలాట అంచనా, దిగిపోతుంటే స్పాట్ హై దాటినా ప్రీమియం కదలని రోజులుంటాయి. వీడియోల్లో ‘ఎస్‌ఎల్-ఎం పెట్టేయండి’ అంటారు, అంటే ట్రిగ్గర్ ధర తగలగానే దొరికిన ధరకు పడే ఆర్డరు. ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో ఆ ఆర్డరును 2021 సెప్టెంబర్‌లోనే ఆపేసింది. ట్రిగ్గర్‌తో పాటు లిమిట్ ధర ఇవ్వాలి. దగ్గరగా ఇస్తే వేగంగా పరిగెత్తిన రోజు ఆర్డరు మిస్సవుతుంది, వెనక్కి తిరిగే రోజు మాత్రం తప్పకుండా పడుతుంది. అంటే మంచి ట్రేడ్లు జారిపోయి చెడ్డవి మిగులుతాయి. బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ 2024 నవంబర్‌తో పోయింది, అదే నెల నుంచి కొత్త కాంట్రాక్టులకు నిఫ్టీ లాట్ (ఒక ట్రేడ్ కనీస పరిమాణం) 25 నుంచి 75కి పెరిగింది. దానికి ముందు నాటి బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఫలితాలతో అమ్మే కోర్సు లేని సరుకును అమ్ముతున్నట్టే.

కింది వైపు బ్రేకౌట్‌లో ఇంకో గుంత. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్ల జాబితాలో) లేని షేరును ఇంట్రాడేలో షార్ట్ చేశాక (చేతిలో లేకుండానే ముందు అమ్మాక) అది అప్పర్ సర్క్యూట్‌లో (ఆ రోజు గరిష్ఠ పరిమితి ధర దగ్గర) లాకైతే కొనడానికి అమ్మేవాడే ఉండడు. డెలివరీ ఇవ్వలేక వేలానికి వెళ్తుంది, ఆ ధర మీ స్టాప్‌లాస్‌ను లెక్కచేయదు. షార్టులు ఎఫ్ అండ్ ఓ షేర్లకే పరిమితం చేయండి.

డబ్బు కట్టేముందు అమ్మేవాడి సెబీ నంబర్ అడగండి. రీసెర్చ్ అనలిస్ట్‌కు అది ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కు ఐఎన్‌ఏతో మొదలవుతుంది. నంబర్ చెప్పగానే నమ్మకుండా సెబీ వెబ్‌సైటులో పేరుతో సరిపోల్చండి, ఇంకొకరి నంబర్ వాడేవాళ్లున్నారు. లోపలి లాజిక్ చూపించని ఆల్గో ఇచ్చేవారు రీసెర్చ్ అనలిస్ట్‌గా రిజిస్టర్ కావాలని 2025 ఫిబ్రవరి సర్క్యులర్ చెబుతోంది. ‘మేం ఎడ్యుకేషన్ మాత్రమే’ అంటూనే లైవ్‌లో ఫలానా షేరు కొనమంటే, అది కుదరదని 2025 జనవరిలోనే సెబీ తేల్చింది. లాభాల స్క్రీన్‌షాట్ బదులు వరసగా మూడు నెలల కాంట్రాక్ట్ నోట్లు (ఖర్చులతో సహా ట్రేడ్లకు బ్రోకర్ ఇచ్చే రసీదులు) అడగండి. ఇవ్వనంటే బేరం వదిలేయండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు చేయాల్సింది బ్రోకర్ సైటులో ఏపీఐ కీ (ఆల్గో మీ ఖాతాలో ఆర్డర్లు పెట్టేందుకు ఇచ్చిన తాళం) రద్దు చేయడం, పాస్‌వర్డ్, టీఓటీపీ (యాప్‌లో మారుతుండే లాగిన్ కోడ్) మార్చడం. ఫీజు రసీదు, చాట్లు, ‘గ్యారంటీ రిటర్న్’ అన్న మెసేజ్‌లు గ్రూపు నుంచి తీసేయకముందే దాచుకోండి. అమ్మినవాడు రిజిస్టర్ అయినవాడైతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు. రిజిస్ట్రేషన్ లేకుండా డబ్బు గుంజితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పంపిన కొద్ది గంటల్లోనే చేస్తే, అవతలి ఖాతాలో ఉన్నది ఆపే అవకాశం ఎక్కువ.