బంతి లైన్ దాటితే: ఉద్దేశం చూడాలా, ఆఖరి కిక్ చూడాలా?

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, చూసేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. పిల్లలు ఆస్‌కిక్ అనే పిల్లల ఫుటీ శిక్షణలో చేరాక తల్లిదండ్రులకి కూడా ఆట ఒంటబడుతోంది. సీజన్ మొదలైతే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "బంతి బయటికి పోతే ఒకసారి త్రో-ఇన్ ఇస్తారు, ఇంకోసారి ఫ్రీ కిక్ ఇస్తారు. దీనికో లెక్క ఉందా అండీ?" 2025 అక్టోబరులో ఈ ఆట పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ కొత్త రూల్ ప్రకటించిన దగ్గర్నుంచి దానికి ఇంకో ప్రశ్న తోడైంది. పాతదే మేలా, కొత్తదే మేలా అని. విడివిడిగా జవాబులు చెప్పడం కన్నా ఒకచోట రాయడమే నయమనిపించింది.

పాత పద్ధతి తెలిసిందే. బంతిని లైన్ లోపల ఉంచడానికి ఆటగాడు తగినంత ప్రయత్నం చేయలేదని ఫీల్డ్ అంపైర్‌కి అనిపిస్తే ఫ్రీ కిక్, అంటే బంతి ఎదుటి జట్టు చేతికి పోతుంది. లేకపోతే బౌండరీ అంపైర్ మైదానానికి వీపు పెట్టి, తల మీదుగా బంతిని లోపలికి విసురుతాడు. 2026 సీజన్ నుంచి వచ్చిన పద్ధతిలో, రెండు 50 మీటర్ల ఆర్కుల (గోల్‌కి 50 మీటర్ల దూరంలో గీసిన వంపు గీతల) మధ్య, కిక్ అయినా హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి ఇచ్చే బంతి) అయినా, ఇంకెవరికీ తగలకుండా బంతి బయటికి పోతే ఎదుటి జట్టుకి ఫ్రీ కిక్. ఎందుకు తన్నాడు, ఏమనుకుని తన్నాడు అన్నదాంతో పనిలేదు. ఆర్కుల లోపల మాత్రం పాత రూలే.

నా ఓటు కొత్తదానికే. అలాగని పాతదానిలో మంచి లేదనను.

ఒక కిక్‌ని దగ్గరగా చూద్దాం. ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) వింగ్ మీద, అంటే నడిమి భాగంలో పక్క వైపు, లైన్‌కి కాస్త ఇవతల, ఒక హాఫ్ బ్యాక్ (డిఫెండర్) బంతి అందుకున్నాడు. వెనక నుంచి ఒకడొచ్చి నడుం చుట్టేశాడు, ఒక చెయ్యి ఇరుక్కుపోయింది. ఉన్న ఒక్క చేత్తో బంతి వదిలి, పడిపోతూనే ఎడమకాలితో ముందుకి తన్నాడు. బంతి నలభై మీటర్లు పోయి నేలకి తగిలింది. మొదటి బౌన్స్‌కి నిటారుగా లేచింది. రెండోసారి లోపలికి తిరిగింది. మూడోసారి మొన మీద పడి, పక్కకి జారి లైన్ దాటేసింది. అతని జట్టువాడు నాలుగు అడుగుల దూరంలో చెయ్యి చాపుకుని ఉన్నాడు. స్టాండ్స్‌లో సగం మంది "డెలిబరేట్!" (కావాలనే చేశాడు) అని ఒక్కసారిగా అరిచారు.

ఇప్పుడు అంపైర్ ఏం చూడాలి? తన్నేముందు అతను జట్టువాణ్ణి చూశాడా? ట్యాకిల్ వల్ల కాలు అటు తిరిగిందా, తనే తిప్పాడా? ఇంకా లోపలికి కొట్టే వీలుందా? ఇవన్నీ ఒక్క సెకనులో, ముప్ఫై నలభై మీటర్ల దూరం నుంచి తేల్చాలి. అసలు చిక్కు ఇంకొకటుంది. ఆ మూడో బౌన్స్ లోపలికి తిరిగి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఆటగాడు చేసిన పని రెండింట్లోనూ ఒకటే, ఉద్దేశమూ ఒకటే. తేడా అంతా కోలగా ఉన్న ఆ బంతి ఎటు తిరిగిందన్నదే. అంటే ఉద్దేశం చూస్తున్నాం అనుకుంటూ ఫలితాన్ని బట్టి ఉద్దేశాన్ని ఊహిస్తున్నాం.

2023 నుంచి ఫీల్డ్ అంపైర్లు నలుగురయ్యారు. మంచి మార్పే, బంతికి దగ్గరగా ఎవరో ఒకరు ఉంటున్నారు. కానీ ఉద్దేశం విషయంలో నలుగురు మనుషులంటే నాలుగు కొలతలు. మొదటి క్వార్టర్‌లో త్రో-ఇన్ అయిన కిక్ ఆఖరి క్వార్టర్‌లో ఫ్రీ కిక్ అవుతుంది. రెండూ తప్పని నిరూపించలేం, రెండూ ఒప్పని ఒప్పించలేం.

కంటికి కనిపించే విషయంలో పొరపాటు జరిగితే కథ వేరుగా ఉంటుంది. 2023 ఆగస్టులో అడిలైడ్, సిడ్నీ మ్యాచ్ చివర్లో బెన్ కీస్ కొట్టిన బంతి పోస్ట్‌కి తగిలిందని గోల్ అంపైర్ గోల్ (ఆరు పాయింట్లు) కాకుండా బిహైండ్ (ఒక్క పాయింట్) ఇచ్చాడు, రివ్యూ అడగలేదు. అడిలైడ్ ఒక్క పాయింట్‌తో ఓడింది. బంతి పోస్ట్‌ని తాకనే లేదని, అది గోలేనని మర్నాడు ఏఎఫ్ఎల్ ఒప్పుకుంది. అడిలైడ్ అభిమానికి ఆ గాయం మానకపోవచ్చు. అయినా నిజం ఏమిటన్నది తేలింది. కెమెరా ముందు పెడితే ఎవరైనా ఒకే మాట చెబుతారు. ఉద్దేశానికి అలాంటి కెమెరా లేదు. ఎన్నిసార్లు స్లో మోషన్‌లో తిప్పినా, కాలింగ్‌వుడ్ అభిమానికి ఒకటి కనిపిస్తుంది, కార్ల్టన్ అభిమానికి ఇంకొకటి.

మనకి బాగా తెలిసిన క్రికెట్‌లోనూ ఇది కొంచెం ఉంది. బంతి ఆఫ్ స్టంప్ బయట ప్యాడ్‌కి తగిలితే, బ్యాటర్ నిజంగా షాట్ ఆడబోయాడా, ఆడినట్టు నటించాడా అన్నది అంపైర్ చూడాలి. బాల్ ట్రాకింగ్ ఎంత గొప్పదైనా ఆ ఒక్క ముక్క చెప్పలేదు. కాకపోతే క్రికెట్‌లో అది అరుదు. ఫుటీలో బంతి మ్యాచ్ పొడుగునా లైన్ దాటుతూనే ఉంటుంది.

ఉద్దేశం మీద రూల్ పెట్టే అవసరం ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. జట్లు లొసుగు ఎక్కడ దొరికితే అక్కడ దూరతాయి. 2008 గ్రాండ్ ఫైనల్లో హాథార్న్ జీలాంగ్ మీద పదకొండు రష్డ్ బిహైండ్లు, అంటే బంతిని తమ గోల్ లైన్ దాటించి ఎదుటి జట్టుకి ఒక్కో పాయింట్ ఇచ్చేసి, బంతిని మళ్లీ తమ చేతిలోకి తెచ్చుకుంది. అప్పటికి అది రూల్ ప్రకారమే. మరుసటి ఏడాదే కావాలని బిహైండ్ ఇస్తే ఫ్రీ కిక్ అని రూల్ వచ్చింది. బౌండరీ దగ్గరా అదే వరస. ఒత్తిడి వస్తే బంతిని లైన్ అవతలికి నెట్టి ఊపిరి పీల్చుకోవడం డిఫెండర్లకి అలవాటైంది. అడ్డుకట్ట వేయాల్సిందే. వేసిన పద్ధతే నాకు నచ్చలేదు.

పాత పద్ధతిలో నిజమైన బలం ఒకటుంది. మంచి ప్రయత్నం చేసి దురదృష్టం కొద్దీ బంతి జారిపోయినవాణ్ణి అది శిక్షించదు. వానలో తడిసిన బంతి, ఎదురుగాలి, పైన ఇద్దరు మనుషులు. వాడు చేయగలిగినంతా చేశాడు. అలాంటివాడి మీద ఫ్రీ కిక్ ఇస్తే చూసేవాళ్ల మనసు ఒప్పుకోదు. కొత్త రూల్ మీద నేను వినే ఫిర్యాదుల్లో గట్టిది ఇదే.

దీనికి జవాబు ఫుటీలోనే ఉంది. బంతి నేల తాకకుండా నేరుగా లైన్ దాటితే ఫ్రీ కిక్ అన్న రూల్ 1969లో వచ్చింది. అక్కడ ఎవరూ ఉద్దేశం అడగరు. గాలికి పోయినా, కాలు జారినా, ట్యాకిల్‌లో తన్నినా ఫ్రీ కిక్ ఫ్రీ కిక్కే. తన్నినవాడు చేతులెత్తి వాదించడు, కోచ్ ప్రెస్ మీట్‌లో దాని గురించి మాట్లాడడు, స్టాండ్స్‌లో ఎవరూ అంపైర్‌ని తిట్టరు. శిక్ష కఠినమైనదే, కానీ అందరికీ ఒకేలా పడుతుంది కాబట్టి తరాలుగా ఎవరికీ నొప్పి లేదు. నేల తాకకుండా పోయిన బంతికి అడగని ఉద్దేశం, ఒక్కసారి తాకి పోయిన బంతికి ఎందుకు అడగాలి?

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం ఎంసీజీలో లేదు, మన ఇంటి పక్క గ్రౌండ్‌లో ఉంది. శని, ఆదివారాల్లో పిల్లల మ్యాచ్‌లకి విజిల్ పట్టుకుని వచ్చేది చాలాసార్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలే. వాళ్లకి రిప్లే ఉండదు, చెవిలో సలహా చెప్పేవాళ్లు ఉండరు. లైన్ పక్కనే కుర్చీలేసుకుని కాఫీ తాగుతున్న పెద్దవాళ్లు ఉంటారు, అంతే. ఆ అమ్మాయో అబ్బాయో "వాడు కావాలనే చేశాడు" అని తీర్పు చెప్పాలంటే ఆడేవాడి నిజాయితీ మీదే తీర్పు చెప్పాలి. ఆ మాట పడ్డ కుర్రాడి తండ్రికి కోపం వస్తుంది. రూల్ ఉద్దేశం మీద ఉంది కాబట్టి అరవడానికి అతనికి దారి దొరికినట్టే. అదే "ఆఖరి కిక్ నీది" అంటే వాదన ఎక్కడుంది? అందరూ చూశారు. చిన్న వయసు జూనియర్ ఫుటీలో ఇప్పటికే, కిక్ చేసిన బంతి బయటికి పోతే అవతలి జట్టుకి ఫ్రీ కిక్ ఇస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు కిమ్మనకుండా బంతి ఇచ్చేసి వెనక్కి పరిగెడతారు.

అంపైర్లు దొరకడం లేదన్నది ఆస్ట్రేలియా అంతటా స్థానిక లీగుల గోడు. 2022లో అంపైర్ ముందు చేతులు చాపి నిరసన చూపినా 50 మీటర్ల పెనాల్టీ (ఎదుటి జట్టు బంతిని 50 మీటర్లు ముందుకి తీసుకెళ్లే శిక్ష) అన్నప్పుడు ఏఎఫ్ఎల్ చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. నిరసనని శిక్షించడం సరే. నిరసన పుట్టించే తీర్పులే తగ్గిస్తే ఇంకా మంచిది కదా. 2026లోనే సెంటర్ బౌన్స్ కూడా పోయింది. బంతిని నేలకేసి కొట్టి ఆట మొదలుపెట్టే ఆ క్షణం నాకు చాలా ఇష్టం, పోయినందుకు బాధగానే ఉంది. కానీ బౌన్స్ సరిగా వేయలేనంత మాత్రాన మంచి అంపైర్ ఆగిపోకూడదన్న వాదనకి నా దగ్గర జవాబు లేదు.

ఆటని బాస్కెట్‌బాల్ చేసేస్తున్నారు, సంప్రదాయం పోతోంది అనేవాళ్లకి పాత చరిత్ర ఒకటి గుర్తుచేయాలి. 1925 నుంచి 1938 దాకా, పద్నాలుగు సీజన్లు, బంతిని బయటికి పంపిన జట్టు మీద ఫ్రీ కిక్ ఇచ్చేవారు. త్రో-ఇన్ తిరిగొచ్చింది 1939లో. సౌత్ మెల్‌బోర్న్ తరఫున బాబ్ ప్రాట్ ఒకే సీజన్‌లో 150 గోల్స్ కొట్టిన 1934 ఆ రోజుల్లోదే. ఆ గోల్స్‌కి ఆ రూలే కారణమని అనను. ఆ రూల్ ఉన్నప్పుడు కూడా ఫుటీ ఫుటీలాగే ఉందని మాత్రం అంటాను. దగ్గరి ఉదాహరణ కావాలంటే దక్షిణ ఆస్ట్రేలియా లీగ్ ఉంది, అక్కడ 2016 నుంచి ఆఖరి డిస్పోజల్ (కిక్ లేదా హ్యాండ్‌బాల్) రూలే. మహిళల ఏఎఫ్ఎల్‌లోనూ ఏళ్లుగా నడుస్తోంది.

మిగతా రెండు దారుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆఖరిగా ఎవరి చెయ్యి తగిలినా వాళ్ల మీద ఫ్రీ కిక్ అనేది ఒకటి. వేలి కొసకి తగిలిందా లేదా అన్న గొడవ మొదలవుతుంది, స్పాయిల్ చేయడానికి, అంటే ఎదుటివాడికి అందకుండా బంతిని చేత్తో కొట్టేయడానికి, డిఫెండర్ భయపడతాడు. వద్దు. రెండోది, ఎలా పోయినా త్రో-ఇనే. అప్పుడు ఆధిక్యంలో ఉన్న జట్టు ఆఖరి ఐదు నిమిషాలు బంతిని లైన్ మీదే తిప్పుతుంది. అదీ వద్దు.

ఆర్కుల మధ్యే అన్న పరిమితి మీద నాకు మొదట అనుమానం ఉండేది, ఒకే గ్రౌండ్‌లో రెండు రూల్సా అని. ఆలోచిస్తే సబబే. ఫార్వర్డ్ 50లో, అంటే దాడి చేసే వైపు ఆర్కు లోపల, బౌండరీ దగ్గర ఇరుకు కోణం నుంచి గోల్‌కి కొట్టిన బంతి పక్కకి దొర్లిందని డిఫెండర్‌కి ఫ్రీ కిక్ ఇస్తే, దాడి చేసినవాణ్ణి శిక్షించినట్టవుతుంది. అక్కడ త్రో-ఇన్, దాని చుట్టూ జరిగే పెనుగులాట ఉండాలి. ఎంసీజీ పొడవు సుమారు 160 మీటర్లు కాబట్టి కొత్త రూల్ నడిచేది నడుమ 60 మీటర్ల మేరే. జీలాంగ్‌లోని కార్డీనియా పార్క్ లాంటి సన్నటి, పొడవాటి గ్రౌండ్‌లో దాని ప్రభావం ఎక్కువ ఉంటుంది. లైన్ వెంబడి పొడవుగా కొట్టి ప్రాణం దక్కించుకునే జట్లు అక్కడ దారి మార్చుకోక తప్పదు. బంతి మైదానం నడుమకి వస్తుంది. చూసేవాళ్లకి కావాల్సింది కూడా అదే.

కొత్త రూల్‌లో నాకు నిజంగా నచ్చనిది ఒకటుంది, దాచను. లైన్ వైపు దొర్లుతున్న బంతిని అందుకునే వీలున్నా, ఎదుటి జట్టువాడు పక్కనే పరిగెడుతూ, ఒళ్లు అడ్డం పెట్టి, దాన్ని బయటికి పోనిస్తాడు. ముట్టుకోకపోతే ఫ్రీ కిక్ తనదే కదా. బంతి మీదకి దూకడమే ఈ ఆటకి అందం. వదిలేసినవాడికి లాభం రావడం చూస్తే ఒళ్లు మండుతుంది. దీన్ని ఆపడానికి "అందుకునే వీలుండి వదిలేస్తే త్రో-ఇన్" అని ఇంకో రూల్ పెట్టాలని అప్పుడే కొందరు నాతో అంటున్నారు. నేను ఒప్పుకోను. అందుకునే వీలుందా, కావాలని వదిలాడా అన్నది మళ్లీ అంపైరే ఊహించాలి. వదిలేసేవాణ్ణి వదిలేయనివ్వండి. వాడి ఒంటిని దాటి బంతి మీద చెయ్యి వేసే పని తన్నిన జట్టుది. కనీసం చెయ్యి తగిలినా త్రో-ఇన్ వస్తుంది కాబట్టి ఆ పరుగుకి ఫలం ఉంది.