ఎలిజబెత్ రాణి మతం, యుద్ధం: విడివిడిగా చెప్పాలా, కలిపి చెప్పాలా?

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలకు చరిత్ర ట్యూషన్ చెబుతాను. మొదటి ఎలిజబెత్ పాఠం వచ్చిన ప్రతిసారీ ఒకటే తర్జనభర్జన. మతం ఒక అధ్యాయం, విదేశాంగం ఒక అధ్యాయం అని విడదీసి చెప్పాలా? ఆమె గద్దెనెక్కిన 1558లో మొదలుపెట్టి ఏడాది వరసలో పోవాలా? లేక నాలుగైదు నిర్ణయాలే ఎంచుకుని, తర్వాత జరిగింది దాచిపెట్టి, "రాణి మిమ్మల్ని సలహా అడిగితే ఏం చెబుతారు?" అని పిల్లల్నే అడగాలా? మూడూ చేసి చూశాను.

విడదీసి చెప్పడం అందరికీ సుఖం. పరీక్షలో ప్రశ్నలు కూడా ఎక్కువగా అలాగే వస్తాయి, నోట్సు శుభ్రంగా ఉంటుంది. ఇబ్బంది 1559 నాటి మత చట్టాల దగ్గరే మొదలవుతుంది. తండ్రి ఎనిమిదో హెన్రీలాగా చర్చికి 'శిరస్సు' అనిపించుకోకుండా ఎలిజబెత్ 'గవర్నర్' అన్న మాట ఎందుకు తీసుకుంది? ఆడది చర్చికి శిరస్సు కావడం అప్పటివాళ్లకు మింగుడుపడదు కాబట్టి అని పిల్లలు రాస్తారు. అది తప్పు కాదు, కానీ సగమే. ఆ చట్టాల మీద పార్లమెంటులో చర్చ మొదలయ్యేనాటికి ఫ్రాన్సుతో యుద్ధం ఇంకా ముగియలేదు. ఫ్రాన్సు తీరంలో ఇంగ్లండ్ చేతిలో ఉన్న కలే రేవు పోయి ఏడాది అయింది, ఖజానా ఖాళీ. ఫ్రెంచి యువరాజు భార్య, కాథలిక్ అయిన స్కాట్లండ్ రాణి మేరీ, ఇంగ్లండ్ సింహాసనం తనదే అంటోంది. ఆమె గద్దెనెక్కితే ఇంగ్లండ్ ఫ్రాన్సు చేతిలోకి పోతుందని స్పెయిన్ రాజు ఫిలిప్ భయం. అందుకే తాను కరుడుగట్టిన కాథలిక్ అయి ఉండి కూడా, ఎలిజబెత్‌ను వెలివేయకుండా పోప్‌ను ఆపుతూ వచ్చాడు. ఆ ఫిలిప్‌ను మరీ రెచ్చగొట్టకుండా, ఇంట్లో ప్రొటెస్టెంట్లను నిరాశపరచకుండా, పాము చావకుండా కర్ర విరగకుండా చేసిన చట్టాలవి. అయినా ఆరాధన పద్ధతిని మార్చే చట్టం పెద్దల సభలో మూడంటే మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది. విడదీసి చెబితే ఇందులో సగం కథ రెండు నెలల తర్వాత ఇంకో అధ్యాయంలో వస్తుంది. అప్పటికి మొదటి సగం ఎవరికి గుర్తుంటుంది?

ఏడాది వరసలో పోతే మతం, యుద్ధం ఇలా విడిపోవు. 1559లో ఆదివారం చర్చికి రానివాళ్లకు జరిమానా 12 పెన్నీలు. 1581 నాటికి అది నెలకు 20 పౌండ్లయింది. పౌండంటే అప్పట్లో 240 పెన్నీలు, లెక్క వేసుకోమంటాను. మధ్యలో ఏం జరిగిందో వరసే చెబుతుంది: 1568లో మేరీ పారిపోయి ఇంగ్లండ్ చేరింది, 1569లో ఉత్తరాన తిరుగుబాటు, 1570లో పోప్ రాణిని వెలివేశాడు, 1580లో జెసూట్లనే కాథలిక్ మతప్రచారకులు దిగారు. బాగుంది. కానీ ఈ పద్ధతిలో పాఠం రైలు ప్రయాణంలా తయారవుతుంది. చివరి స్టేషన్ 1588, ఇంగ్లండ్ మీదికి వచ్చిన స్పెయిన్ నౌకాదళం. ఆ యుద్ధం మొదటిరోజే రాసిపెట్టి ఉందని పిల్లలకు అనిపిస్తుంది. 1559లో ఇదే ఫిలిప్ ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకుంటానన్నాడని చెబితే నమ్మరు.

అందుకే నా ఓటు మూడోదానికి. 1585 వేసవి క్లాసు ఎప్పుడూ బాగా నడుస్తుంది. స్పెయిన్ మీద తిరగబడ్డ డచ్చివాళ్ల నాయకుడు ఆరెంజ్ విలియం అంతకుముందు ఏడాది హత్యకు గురయ్యాడు. ఫ్రాన్సులోని కాథలిక్ కూటమితో ఫిలిప్ ఒప్పందం చేసుకున్నాడు. డచ్చివాళ్లు తమ దేశాన్నే ఎలిజబెత్‌కు అప్పగిస్తామంటున్నారు. ఆమెకేమో రాజు మీద తిరగబడేవాళ్లంటే గిట్టదు, రేపు తన మీద ఎవరైనా తిరగబడితే? క్లాసులో ఎక్కువమంది "గుట్టుగా డబ్బు పంపిద్దాం" అంటారు. అప్పుడు అసలు జరిగింది చెబుతాను: రాజ్యం వద్దంది, సైన్యం పంపింది, ఖర్చుకు హామీగా ఫ్లషింగ్, బ్రిల్ అనే డచ్చి రేవు పట్టణాలు తాకట్టు పెట్టించుకుంది. తాకట్టు అన్న మాట వినగానే మన పిల్లలు నవ్వుతారు. విదేశాల్లో దీక్ష తీసుకుని వచ్చిన కాథలిక్ పూజారి దేశంలో ఉంటే రాజద్రోహమే అన్న చట్టం కూడా అదే 1585ది. రెండూ ఒకే బల్ల మీద పెట్టాక, మతం, యుద్ధం ముడిపడి ఉన్నాయని వేరే వివరణ అక్కర్లేదు.

చిక్కులు లేకపోలేదు. ఒక్కో నిర్ణయానికి ఒక క్లాసు మొత్తం పోతుంది. గొంతున్నవాడిదే రాజ్యం, కాబట్టి మాట్లాడే ముందు ప్రతివాళ్లూ తమ సలహా రెండు వాక్యాల్లో రాయాలని షరతు పెట్టాను. "అందరికీ మతస్వేచ్ఛ ఇచ్చేస్తే పోయేదిగా మేడమ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. దాన్ని కొట్టిపారేయను. రాజు మతాన్ని ఒప్పుకోనివాడు రాజుకు విధేయుడిగా ఉండగలడా అన్నది ఆ కాలం భయం, 1570 తర్వాత ఆ భయానికి పోప్ సంతకం కూడా తోడైంది.

పరీక్షకు ముందు రెండు వారాలు మాత్రం నేనూ విడదీసే చెబుతాను. వ్యాసం రాయడానికి ఆ అరలు కావాలి. గోడ మీద సంవత్సరాల పట్టీ మొదటి రోజు నుంచీ ఉంటుంది. దాని చివర 1600 డిసెంబరు 31న రాణి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన అనుమతి పత్రం. అప్పటికి స్పెయిన్‌తో యుద్ధం నడుస్తూనే ఉంది, తూర్పు దేశాల వ్యాపారం చేతిలో ఉన్న పోర్చుగల్ కూడా 1580 నుంచి ఫిలిప్ వంశం కిందే ఉంది. ఆ కంపెనీ ఓడ 1611లో మచిలీపట్నం చేరిందని చెబితే, అమ్మమ్మగారిది బందరు అన్న పిల్ల ఒకతి పట్టీ కింద మరో కాగితం అంటించి దాన్ని పొడిగించింది.