గ్రాంపియన్స్ వెళ్తున్నారా? ఉత్తరం వైపు కూడా ఒక పూట ఉంచుకోండి

మెల్‌బోర్న్ నుంచి వీకెండ్‌కి గ్రాంపియన్స్ (ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కొండల నేషనల్ పార్కు) వెళ్లేవాళ్లలో చాలామందిది ఒకటే వరస: పినకిల్ అనే శిఖరం ఎక్కడం, బోరోకా లుకౌట్, మెకెంజీ ఫాల్స్, సాయంత్రం హాల్స్ గ్యాప్ అనే ఊళ్లో కంగారూలతో ఫోటోలు. అవన్నీ బాగానే ఉంటాయి, కాదనను. కానీ పార్కు ఉత్తర కొసన, మౌంట్ స్టాపిల్‌టన్ చుట్టూ ఉన్న కొండలూ రాతి చిత్రాలూ చూడకుండా వెనక్కి వస్తే సగం గ్రాంపియన్సే చూసినట్టు. నా ఓటు అటే.

బల్లారట్, అరారట్ మీదుగా వెస్టర్న్ హైవేలో దాదాపు మూడు గంటల డ్రైవ్. పార్కులోకి వెళ్లడానికి టికెట్ లేదు. క్యాంప్‌గ్రౌండ్‌లకు మాత్రం ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. పెట్రోల్ అరారట్‌లోనో స్టావెల్‌లోనో నింపుకుని వెళ్తే కొండల్లో టెన్షన్ ఉండదు.

బసకి హాల్స్ గ్యాప్‌దే పైచేయి. క్యాబిన్లు, మోటెళ్లు, కారవాన్ పార్కులు అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర్లోనే. లాంగ్ వీకెండ్ అయితే రేట్లు చుక్కలు చూపిస్తాయి, పైగా రెండు రాత్రులు తప్పనిసరి అంటారు. మేం దిగిన క్యాబిన్‌లో వంటగది బాగుంది, హీటర్ మాత్రం పేరుకే. చలికాలంలో వెళ్లేవాళ్లు గదిలో ఏ రకం హీటింగ్ ఉందో బుకింగ్‌కి ముందే అడగడం మేలు. పిల్లలతో వెళ్తే వంటగది ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే రాత్రి కాస్త పొద్దుపోతే ఊళ్లో భోజనం దొరకడం కష్టం. మా డబ్బాలో పులిహోర ఉంది కాబట్టి సరిపోయింది.

నడకల విషయానికొస్తే, పినకిల్‌కి వండర్‌ల్యాండ్ కార్ పార్క్ నుంచి వెళ్లే దారే అందం. గ్రాండ్ కాన్యన్ రాళ్ల మెట్లు, ఆ తర్వాత సైలెంట్ స్ట్రీట్ అనే ఇరుకు సందు. రెండు బండల మధ్య భుజాలు ఒరుసుకుంటూ ఒకరి వెనక ఒకరు నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే సన్‌డయల్ కార్ పార్క్ వైపు నుంచి వెళ్లండి, ఎక్కుడు తక్కువ. అంత ఓపిక కూడా లేదంటే బోరోకా లుకౌట్ చాలు, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, లోయంతా కనిపిస్తుంది. మెకెంజీ ఫాల్స్‌లో ఏడాది పొడవునా నీళ్లుంటాయి. కానీ కింద దాకా దిగే మెట్లు బాగా నిటారు, తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. అక్కడ ఈతకు అనుమతి లేదు, బోర్డు చూసి కూడా దిగేవాళ్లని ఏమనాలో!

జంతువుల కోసం ప్రత్యేకంగా ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. సాయంత్రమయ్యేసరికి హాల్స్ గ్యాప్ ఆటమైదానంలో కంగారూలు గుంపులుగా మేస్తుంటాయి. తల్లి సంచిలోంచి పిల్ల తల బయటపెట్టి, తల్లి గడ్డి కొరుకుతుంటే తనూ ఓ పరక అందుకోవాలని చూస్తోంది. ఈమూలు పొలాల వెంట కనిపించాయి. ఓ ఎకిడ్నా (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువు) కాలిబాట పక్కనే ముక్కు మట్టిలో దూర్చి చీమల్ని వెతుక్కుంటూ మమ్మల్ని అసలు పట్టించుకోలేదు. వాటికి తిండి పెట్టకండి. చీకటి పడ్డాక కారు నడపడం వీలైనంత తగ్గించండి, కంగారూ ఏ పక్కనుంచి దూకుతుందో చెప్పలేం.

ఇక రాతి చిత్రాలు. విక్టోరియా రాష్ట్రంలో ఉన్న రాతి చిత్రాల్లో అత్యధిక భాగం ఈ కొండల్లోనే ఉన్నాయి. ఇక్కడి మూలవాసులైన జాబ్ వురుంగ్, జార్ద్‌వాజలి ప్రజలు గారివెర్డ్ అని పిలిచే ఈ కొండల్లో ఇరవై వేల ఏళ్లకు పైగా మనుషులు బతికిన ఆనవాళ్లున్నాయి. అందరూ వెళ్లి చూడగలిగేవి ఐదు చోట్లే. వాటిలో బంజిల్స్ షెల్టర్ పార్కు బయట స్టావెల్ దగ్గర ఉంది కాబట్టి వచ్చే దారిలోనే చూసేయొచ్చు. సృష్టికర్త బంజిల్, పక్కన రెండు డింగోలు (ఆస్ట్రేలియా అడవి కుక్కలు). చిన్న చిత్రమే, కానీ బంజిల్ రూపం గీసిన రాయి మరెక్కడా ఉన్నట్టు తెలియదట.

నన్ను కట్టిపడేసింది ఉత్తరాన ఉన్న మరో రాతి చిత్రాల చోటు, గుల్గుర్న్ మాంజా. హాలో మౌంటెన్ కార్ పార్క్ నుంచి కాసేపు నడిస్తే చాలు. బండ కింద నీడలో, ఇనుప జాలీ వెనక, జేగురు రంగు చేతి ముద్రలు. చాలావరకు పిల్లలవే. కొన్నిటి మీద వేళ్ల మధ్య ఖాళీలు కూడా స్పష్టంగా తెలుస్తాయి, కొన్ని చెరిగి ఎర్రటి మరకలయ్యాయి. పక్కనే ఈమూ పాదాల గుర్తులు, వరుసగా గీతలు. ఎండ నేరుగా జాలీ మీద పడుతుంటే ఫోటో సరిగ్గా రాదు, కళ్లతోనే చూడాలి. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న న్గమాద్జిద్జ్‌లో బొమ్మలు తెల్ల సుద్దతో వేసినవి. ఈ ప్రాంతంలో ఎరుపే ఎక్కువ కాబట్టి ఆ తెలుపు వింతగా అనిపిస్తుంది. ఒకటి చూసి రెండోది వదిలేయకండి. జాలీ ఎందుకని మా వాళ్లలో ఒకరు విసుక్కున్నారు గానీ, గతంలో రాళ్ల మీద పేర్లు చెక్కిన మహానుభావులు ఉండబట్టే అది అవసరమైంది.

అదే కార్ పార్క్ నుంచి హాలో మౌంటెన్ ఎక్కొచ్చు. దూరం తక్కువే గానీ పై భాగంలో చేతులు పెట్టి పాకాలి. వర్షం పడితే వద్దు. స్టాపిల్‌టన్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకుంటే తెల్లారేసరికి ఈ కొండల కిందే ఉంటారు. సౌకర్యాలు అంతంత మాత్రం, తాగే నీళ్లు మీరే తెచ్చుకోవాలి. టెంట్ వద్దనుకుంటే హార్షమ్‌లో గది తీసుకోవచ్చు. హాల్స్ గ్యాప్‌లాంటి అందం లేదు గానీ సూపర్‌మార్కెట్లున్న మామూలు ఊరు.

సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా అడవిపూల కాలం, వెళ్లడానికి అదే మంచి సమయం. వేసవిలో ఎండలతో పాటు కార్చిచ్చుల భయం. 2024 డిసెంబర్‌లో మొదలైన మంటల్లో పార్కులో పెద్ద భాగం కాలిపోయింది. అలాంటి మంటల తర్వాత కొన్ని దారులు చాలాకాలం మూసే ఉంచుతారు. అందుకే బయల్దేరే ముందు రోజు పార్క్స్ విక్టోరియా సైట్‌లో ఏ దారి తెరిచుందో చూసుకోండి, మంటల హెచ్చరికలు ఇచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.