పదిహేడేళ్ల నాటి నా నవల మళ్లీ అచ్చయింది: ఏలూరు రోడ్డు సందులో ఒక డీటీపీ షాపు

సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునేవాళ్ల కోసం, అందులోనూ ఎప్పుడో వేసిన పుస్తకాన్ని దిద్దుకుని మళ్లీ వేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి ఒక సందులోకి తిరిగితే, మెట్లెక్కి మొదటి అంతస్తులో ఉంటుంది ఈ షాపు. భార్యాభర్తలిద్దరూ, ఒక కుర్రాడు, రెండు కంప్యూటర్లు, ఒక డిజిటల్ ప్రింటింగ్ మెషీను, గోడవారన కటింగ్ మెషీను. పేరు రాయనా అని ఆవిడని అడిగితే "వద్దండీ, ఉన్న పనికే టైం చాలట్లేదు, మీకు తెలిసినవాళ్లుంటే పంపండి చాలు" అన్నారు. అందుకని పేరు రాయడం లేదు.

ముందు నా సంగతి. నా మొదటి నవల 2008లో వేశాను. అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్లు. దివిసీమ ఉప్పెన తరవాత ఒక కుటుంబం ఏమైందన్నది కథ. ఉప్పెన నాటికి నాకు మూడేళ్లే, నాకు గుర్తున్నదేమీ లేదు, అమ్మ చెప్పినవీ చుట్టాలు చెప్పినవీ విని రాసుకున్నదే అంతా. వెయ్యి కాపీలు, డెమీ 1/8 (మామూలు నవలల) సైజు, మొత్తం ముప్ఫై ఎనిమిది వేలయింది. ప్రూఫులు ఒక్కసారే చూశాను, అదీ ఒక్క రాత్రిలో, ఎందుకంటే ప్రెస్సు వాళ్లు మర్నాడు ప్లేట్లు వేసేస్తామన్నారు. పుస్తకం చేతికొచ్చాక మొదటి పేజీలోనే అచ్చుతప్పు కనపడింది. సగం దాకా తిరగేసి ఇంక చూడలేక మూసేశాను. మూడొందల దాకా అమ్ముడుపోయాయి, కొన్ని పంచిపెట్టాను, మిగిలినవి అట్టపెట్టెల్లో మంచం కిందకి చేరాయి. రెండు పెట్టెలు చెదలు తినేశాయి. ఆ తరవాత ఇంకో రెండు నవలలు రాసి వేసుకున్నాను గానీ మొదటిదాని జోలికి వెళ్లలేదు.

పోయిన వేసవిలో ఒకావిడ ఫోన్ చేసి ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ఆవిడది నాగాయలంక దగ్గర. పంపుదామని పెట్టె తీస్తే శుభ్రంగా ఉన్న కాపీలు పదకొండు. ఒకటి పంపించి, ఇంకొకటి తీసుకుని కూర్చున్నాను, తెల్లారేసరికి అయిపోయింది. కథ బాగుందనిపించింది. దాన్ని రాసిన మనిషి మీద మాత్రం నాకు బోలెడన్ని అభ్యంతరాలొచ్చాయి.

మళ్లీ వేద్దామని ముందు ఒక కంపెనీకి ఫోన్ చేశాను. టైపింగు, కవరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), ఆన్‌లైన్ అమ్మకం అన్నీ కలిపి అరవై వేల ప్యాకేజీ అన్నారు. అందులో ఎవరైనా నా పుస్తకం చదువుతారా అని అడిగితే అవతలమ్మాయికి ప్రశ్నే అర్థం కాలేదు. పనిలో పనిగా ఒక మాట, ఐఎస్‌బీఎన్‌కి ఎవరికీ డబ్బు కట్టకండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వాళ్లు ఉచితంగానే ఇస్తారు, ఆన్‌లైన్‌లో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు. పుస్తకాన్ని బాగా మార్చి వేస్తుంటే కొత్త నంబరు తీసుకోవాలి, పాత నంబరు పనికిరాదు.

ఈ షాపు సంగతి ఇంకో రచయిత్రి చెప్పారు. గుడివాడ నుంచి బస్సులో వెళ్లాను, సంచిలో 2008 నాటి సీడీ, ఒక పాత పుస్తకం. సీడీ తెరుచుకుంది. లోపలున్నది పేజ్‌మేకర్ (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) ఫైలు. ఆ రోజుల్లో వాడిన ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరం చోట కూర్చుని ఉంటుంది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగమే. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతిలోకి, మార్చే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి గానీ అవి నూటికి నూరు పాళ్లు మార్చలేవు. క్రావడి (ర వత్తు) పక్క అక్షరానికి దూకేస్తుంది. నా కళ్ల ముందే "ప్రేమ" కాస్తా "పేమ్ర" అయింది. అది చూసి నాకు టెన్షన్ వచ్చేసింది, 232 పేజీలు ఇలాగే ఉంటాయా అని. షాపాయన మాత్రం "పుస్తకం కూడా తెచ్చారుగా, ఇంకేం భయం లేదమ్మా" అన్నారు.

పుస్తకం ఎందుకో తరవాత తెలిసింది. మార్చిన ఫైలుని పుస్తకంతో పోల్చి చూస్తారు, అదీ పాత ప్రెస్సుల పద్ధతిలో. ఆవిడ పుస్తకం పట్టుకుని పైకి చదువుతుంటే కుర్రాడు స్క్రీన్ మీద చూస్తూ దిద్దుతాడు. ఇప్పుడు ఇలా చేసేవాళ్లున్నారని నాకు తెలీదు. నేను సొంతంగా టైప్ చేసి తీసుకెళ్లిన రెండు అధ్యాయాల్లో కూడా తప్పులు పట్టుకున్నారు. మాటలో సున్న (ం) పెట్టాల్సిన చోట నేను తెలుగు అంకె సున్నా (౦) కొట్టాను, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ కంప్యూటర్‌కి అవి వేర్వేరు. రేపు ఈబుక్ చేస్తే ఎవరైనా ఆ మాట వెతికితే దొరకదు. ఒక్క అధ్యాయంలోనే ముప్ఫై చోట్ల అలా ఉంది. "బస్‌స్టాండ్" లాంటి మాటలైతే కలిసిపోయి "బస్స్టాండ్" అయిపోయాయి. అన్నీ ఒక్కొక్కటిగా విడదీశారు.

అసలు విషయానికొస్తే, ఆ పైకి చదవడమే నా పుస్తకానికి జరిగిన పెద్ద మేలు. రెండో రోజు నేనూ కూర్చున్నాను. ఆవిడ చదువుకుంటూ పోతూ సీతమ్మ మాట్లాడే చోట ఆగారు. సీతమ్మ నా నవలలో అత్తగారు, ఇద్దరు పిల్లల్ని ఉప్పెనలో పోగొట్టుకుని కూడా ఊరు వదలనన్న మనిషి. నేను ఆమె చేత "నేను ఈ ఊరు విడిచి రాను" అనిపించాను. ఆవిడ పుస్తకం దించి "ఏమీ అనుకోకండి, ముసలావిడ ఇలా అంటుందా?" అన్నారు. తనది కోడూరు వైపే. ఎలా అంటుందని అడిగితే క్షణం కూడా ఆలోచించకుండా "ఈ ఊరొదిలి నే రాను" అన్నారు. రాసింది నేను, కానీ పదిహేడేళ్ల తరవాత సీతమ్మ గొంతు మొదటిసారి ఆవిడ నోట విన్నాను.

ఇంకోటి. ఉప్పెన వచ్చిన రోజు ఆదివారం అని రాశాను, బడి లేదు కాబట్టి పిల్లలు ఇంట్లో ఉన్నారని. ఆవిడ "ఆ రోజు శనివారం కదండీ" అన్నారు. వాళ్ల నాన్నగారు ఏటా ఆ తేదీన అన్నం ముట్టరట. కుర్రాడు ఫోన్‌లో క్యాలెండర్ తీశాడు. 1977 నవంబర్ 19, శనివారం. అంత పెద్ద సంగతి రాస్తూ వారం చూసుకోలేదు నేను. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు కూడా. వారం మారిస్తే సరిపోదు, పిల్లలు ఇంట్లో ఎందుకున్నారో మళ్లీ చెప్పాలి. ఆ అధ్యాయంలో సగం మళ్లీ రాశాను, గాలీ వానా ఎక్కువైందని మేష్టారు పిల్లల్ని పొద్దున్నే ఇంటికి పంపించేసినట్టు. ఇప్పుడు ఆ మేష్టారు పుస్తకంలో రెండు పేజీలు ఉంటాడు. మొదటి ముద్రణలో ఆయన లేనే లేడు.

అక్కడితో నాకు చెయ్యి తిరిగింది, ఇంక అన్నీ మార్చేద్దామనిపించింది. ముగింపు మార్చేస్తాను, మొదటి మూడు అధ్యాయాలు ఒకటి చేసేస్తాను అని కాగితాల నిండా రాసుకుని వెళ్లాను. ఆయన అవన్నీ చూసి, వద్దనలేదు, చేస్తామన్నారు, కానీ ఒక మాట అడిగారు: "ఈ పుస్తకం దిద్దుతున్నారా అమ్మా, ఇంకో పుస్తకం రాస్తున్నారా?" తరవాత గురజాడ సంగతి ఎత్తారు. కన్యాశుల్కం 1897లో ఒకసారి వేశాడు, 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి వేశాడు, మనం చదివేది రెండోదే, అయినా మొదటిది కూడా ఉంది కాబట్టే ఏం మారిందో తెలుస్తోంది అని. "అందుకని పాత ఫైలు తప్పులు దిద్ది అలాగే వేరే దాస్తాను, కొత్తదాంట్లో మీ ఇష్టం." పని తగ్గించుకోవడానికి అన్న మాట కాదది. ఎక్కువ మారిస్తే ఆయనకే డబ్బులు ఎక్కువ.

ఇంటికొచ్చి వారం రోజులు ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ముగింపు మార్చలేదు. ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఆ కథ అలాగే ముగుస్తుందని గట్టిగా నమ్మాను, ఇప్పుడు నాకు అంత నమ్మకం లేకపోయినా దాన్ని చెరిపే హక్కు నాకు లేదనిపించింది. మార్చింది వేరే. సీతమ్మ కనపడిన ప్రతి చోటా నేను పక్కన నిలబడి తీర్పు చెబుతున్నాను. "సీతమ్మ మూర్ఖంగా తల అడ్డంగా ఊపింది." అందులోంచి "మూర్ఖంగా" కొట్టేశాను. "సీతమ్మ తల అడ్డంగా ఊపింది." అలాంటివి పదకొండు చోట్ల. పిల్లలు పోయిన నేల వదిలి రానన్న మనిషిని నేను మొండిమనిషి అన్నాను, కోడలి వైపు నిలబడి రాశాను, అప్పుడు నేనూ కొత్తకోడలినే కాబట్టి. ఇప్పుడు మా అత్తగారు లేరు, మా అమ్మ ఒంటరిగా ఆ ఊళ్లోనే ఉంటానంటోంది. పదకొండు మాటలు తీసేస్తే పుస్తకం ఇంత మారుతుందని నేను అనుకోలేదు.

అచ్చు సంగతి. "మండలి" అనే తెలుగు ఫాంటు పెట్టారు, అది ఉచితంగా దొరికేదే. మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిందని ఆయన చెప్పారు. కృష్ణారావు గారు 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మనిషి, దివిసీమలోని అవనిగడ్డ మనిషి. దివిసీమ కథ ఆ అక్షరాల్లో అచ్చవడం నాకు చాలా సంతోషంగా అనిపించింది. వరసల మధ్య ఖాళీ కొంచెం ఎక్కువ ఇచ్చారు. మొదటి ముద్రణలో పేజీలు తగ్గుతాయని వరసలు ఇరికించేస్తే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల కింది వత్తులు కింది వరస గుడులకి తగిలేవి. ఇప్పుడు హాయిగా చదువుకోవచ్చు. కాగితం 70 జీఎస్‌ఎం, తెలుపు కాకుండా కొంచెం లేత పసుపు రంగుది, వెనక పేజీ అక్షరాలు ఇటు కనపడవు. ప్లేట్లు వేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో అయితే పదహారు పేజీల ఫారం (ఒకేసారి అచ్చయ్యే షీటు) లెక్క చూసుకోవాలి, చివర్లో తెల్లకాగితాలు మిగులుతాయి. డిజిటల్‌లో ఆ గొడవ లేదు.

ఖర్చు. ఫైలు మార్చి, దిద్ది, పేజీలు కట్టినందుకు పేజీకి ఇరవై చొప్పున 4,640. రెండు ప్రూఫులు చదివినందుకు పేజీకి పదిహేను చొప్పున 3,480. కవరు 2,500. అరవై కాపీలకి ఒక్కోటి 165 చొప్పున 9,900. మొత్తం 20,520. కాపీ లెక్కన చూస్తే ఖరీదే. వెయ్యి వేస్తే ఆఫ్‌సెట్ చాలా చౌక. కానీ మంచం కింద పెట్టుకోవాల్సిన పని లేదు, అరవై అయిపోతే ఇంకో ముప్ఫై వేయించుకోవచ్చు, ఆ మధ్యలో తప్పు కనపడితే దిద్దుకోవచ్చు. నా పుస్తకానికి ఇదే సరైన లెక్క. షాపులకి నలభై శాతం దాకా కమిషన్ ఇచ్చి అమ్మాలనుకునేవాళ్లకి మాత్రం ఈ ధరలో గిట్టదు, అది ముందే ఆలోచించుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. ఆలస్యం. ఆగస్టు మొదట్లో ఇచ్చాను, నెలన్నర అన్నారు, చేతికొచ్చేసరికి దీపావళి దగ్గరికొచ్చేసింది. ఫోన్ చేస్తే ఎత్తరు, సాయంత్రం ఎప్పుడో తిరిగి చేస్తారు. కవరు డిజైన్ వాళ్ల బలం కాదు. మొదటిసారి పెద్ద అల, ఎర్రటి ఆకాశం పెట్టి ఇచ్చారు, నాకు అస్సలు నచ్చలేదు. చివరికి మా ఊరి కాలవగట్టు ఫొటో నేనే తీసి పంపించాను. నాలుగు కాపీలకి అట్ట మీద ల్యామినేషన్ బుడగలు లేచింది, అడిగితే మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. బైండింగ్ జిగురుతో అంటించేదే, కుట్టు లేదు. లైబ్రరీలకి ఇవ్వాలనుకుంటే కుట్టు వేయించమని అడగండి, బయట చేయిస్తారట, దానికి డబ్బులు విడిగా.

వెళ్లేవాళ్లు పాత ఫైలు ఒక్కటే తీసుకెళ్లకండి, అచ్చయిన పుస్తకం కూడా తీసుకెళ్లండి. వీలైతే ఆవిడ పైకి చదివే రోజుల్లో ఒక్క రోజైనా పక్కన కూర్చోండి. ఉదయం పదకొండు నుంచి రెండు దాకా చదువుతారు, ఆ టైంలో మెషీన్లు ఆపేస్తారు, వినపడదని.

పుస్తకం కట్ట విప్పి మొదటి కాపీ ఆవిడకే ఇచ్చాను. పుచ్చుకుని లోపలికి వెళ్లి, వాళ్ల నాన్నగారికి పంపడానికి ఇంకొకటి కొనుక్కుంటానని డబ్బులు తెచ్చారు. వద్దంటే వినలేదు. నా రెండో నవల సీడీ అప్పటికే సంచిలో ఉంది, ఆయన తీసుకుని పెట్టి చూశారు, తెరుచుకుంది. సంక్రాంతి తరవాత పుస్తకం తీసుకుని రమ్మన్నారు.